కాలయంత్రము – స్థలనియమము

ఆంగ్లకథకుడగు హెచ్. జి. వెల్సు (1866–1946) రచించిన ‘ది టైమ్ మెషీన్’ అను చిన్ననవల 1895 సంవత్సరమున లండనునందు గ్రంథరూపమున వెలువడినది. గ్రంథకర్తకు నప్పటికి ముప్పదియేండ్లు నిండలేదు. ఏడేండ్లకు పూర్వమే, 1888లో, తాను చదివిన విజ్ఞానవిద్యాలయపు పత్రికయందు ఈ యూహనే యొక యసంపూర్ణకథగా నాతడు ప్రకటించి యుండెను. యంత్రసాహాయ్యమున మనుష్యుడు తన యిచ్ఛానుసారము కాలమునందు ముందునకును వెనుకకును బోవుట యను కల్పన లోకమున స్థిరపడినది ఈ నవలతోనే. ఆంగ్లభాషయందు అట్టి యంత్రమునకు పేరును సయితము ఈ గ్రంథమే యిచ్చినది.

ఈ కథ పలుమారులు దృశ్యరూపమును దాల్చినది. 1949 జనవరియందు ఇంగ్లండులో బి.బి.సి. వారు దీనిని దూరదర్శన నాటకముగా బ్రసారము చేసిరి. 1960లో జార్జి పాల్ దర్శకత్వమున వచ్చిన చలనచిత్రము దృశ్యచమత్కృతికై ఆస్కారు పురస్కారమును బడసినది. 2002లో వెల్సునకు మునిమనుమడగు సైమన్ వెల్సు మరియొక చిత్రమునకు దర్శకుడయ్యెను. ఆంధ్రభాషయందు ఈ నవలను యథాతథముగా దెరకెక్కించిన వారు లేరు గాని, దాని బీజమునుండి మొలచిన కృతి యొకటి కలదు. అది 1991 జూలై 18వ తేదీన విడుదలయైన ‘ఆదిత్య 369’. దీనికి కథాకర్తయు దర్శకుడును సింగీతం శ్రీనివాసరావుగారు, సంభాషణలు జంధ్యాల, సంగీతము ఇళయరాజా, నాయకుడు నందమూరి బాలకృష్ణ. కళాశాలలో జదువుకొను దినములందు వెల్సు నవలను జదివి, ఆ తలపును చిరకాలము మనసున నిలుపుకొంటినని దర్శకుడే చెప్పియున్నారు.

ఆనాటినుండి యీ చిత్రముపై నభిమానుల వాదములు రెండు పక్షములుగా సాగుచున్నవి. ఇది వెల్సుకృతికి అనుకరణమనియు, మూలమును విడిచిన యనుకరణమనియు నొక పక్షము. నవలనుండి యంత్రమును మాత్రము గైకొని తక్కినదంతయు దెలుగువారిదిగా జేసిన స్వతంత్రరచన యని రెండవ పక్షము. 2025 ఏప్రిలు 4వ తేదీన ఈ చిత్రము నూతనసంస్కారముతో మరల ప్రదర్శితమైనప్పుడు ఆ వాదము మరల దలయెత్తినది. సంవత్సరముల పొత్తు, యంత్రము యొక్క ఆకారము, ఏ సన్నివేశ మే విదేశచిత్రమునుండి వచ్చినది యను విషయములే అందు విశేషముగా జర్చింపబడుచుండును. ఈ చర్చలలో నించుమించుగా నెవ్వరును దడవని యంశ మొకటి కలదు. అది నవలయందలి స్థలనియమము. దాని ఫలమును నిరూపించుటకు హైదరాబాదునకు బశ్చిమమున, మొయినాబాదు మండలములో, బిజాపురమునకు బోవు రహదారిని ఆనుకొనియున్న కనకమామిడి గ్రామము తగిన నిదర్శనము. ఆ గ్రామప్రసంగము ముందు రాగలదు.

మొదట అనుకరణస్వాతంత్ర్యముల వివాదము తీర్పదగినది. పూర్వకథను గైకొన్న కవి దానికి ఎంతవరకు బద్ధుడు అను ప్రశ్న మన యలంకారికులకు గ్రొత్తది కాదు. తొమ్మిదవ శతాబ్దివాడగు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక తృతీయోద్ద్యోతమున, ఇతివృత్తములో రసమునకు బ్రతికూలమైన భాగమున్నచో దానిని విడిచి, అనుకూలమైన దానిని గల్పించియైనను జేర్పవలెనని విధించినాడు. చరిత్రను ఉన్నదున్నట్లు చెప్పుటచే కవికి ప్రయోజన మేమియు లేదనియు, అది యితిహాసాదులచేతనే సిద్ధించుననియు నాతని మతము. అయితే రామాయణాదులవలె రసము సిద్ధమైయున్న కథలను స్వేచ్ఛగా మార్పరాదని యొక హద్దును గూడ నాతడే పెట్టినాడు. శాకుంతలములోని దుర్వాసశాపము మహాభారతమున లేకున్నను కాళిదాసు కల్పించెననియు, ఆ కల్పనమే నాటకమునకు బ్రాణమైనదనియు వక్రోక్తిజీవితమున కుంతకుడు నిరూపించినాడు. ఈ దృష్టితో జూచినచో మూలమును మార్చుట దోషము గాజాలదు. మార్పువలన వచ్చిన దేమి, పోయిన దేమి యనునదియే విచార్యము. దాని నెరుగుటకు మూలమున నేది ప్రధానాంగమో ముందుగా దెలియవలెను.

వ్యాకరణశాస్త్రమున అధికరణకారకము క్రియకు ఆధారము. దేశమును కాలమును రెండును అధికరణములగును. రెంటికిని సప్తమియే విభక్తి. ‘ఇంట నుండెను’ అనునప్పుడును ‘రాత్రి నుండెను’ అనునప్పుడును ఆధారత్వము సమానమే. ఈ రెండు ఆధారములలో నొకదానిని గదల్చి రెండవదానిని స్థిరముగా నిలుపుటయే వెల్సు చేసిన పని. అతని యంత్రము కాలమున జలించును, దేశమున జలింపదు. కాలయాత్రికుని గృహము థేమ్సునదీతీరమున రిచ్‌మండునందున్నది. క్రీ. శ. 802,701వ సంవత్సరమునకు బోయినప్పుడును ఆతడు నిలిచిన నేల ఆ రిచ్‌మండు నేలయే. నది సుమారొక మైలు తొలగి ప్రవహించుచుండును; ఇండ్లు లేవు; తోటలును, శిథిలములును, తెల్లని సింహికాప్రతిమయు నుండును. ఆతనికి గనబడిన పచ్చపింగాణిమందిరము కడు శిథిలమైన ప్రదర్శనశాల. అందలి గ్రంథములు చీలికలై వ్రేలాడుచుండును. తన నగరము, తన విద్య, తన సంతతి చివర కేమైనవో యాతడు తన యిల్లు విడువకయే చూచుచున్నాడు. ఇదియే నవలయందలి భయమునకు మూలము.

ఈ నియమమును గ్రంథకర్త యెంత శ్రద్ధతో బాటించెనో ఒక చిన్న యుపపత్తివలన దెలియును. యాత్రికుడు బయలుదేరినప్పుడు యంత్రము ప్రయోగశాల యొక్క ఆగ్నేయకోణమున నుండెను. తిరిగి వచ్చునప్పటికి వాయవ్యకోణమున నిలిచెను. ఏలయన, భూమిక్రింద నివసించు మోర్లాకు లను జాతివారు యంత్రమును సింహికాప్రతిమయొక్క పీఠములోనికి ఈడ్చికొనిపోయిరి. ఆ రెండు మూలలకు నడుమనున్న దూరము ఈడ్చిన దూరమునకు సరిగా సమానము. కథ యొట్టి స్వప్నము కాదని చదువరి నమ్ముటకు ఇంతకంటె బలవత్తరమగు సాక్ష్యమును గ్రంథకర్త చూపలేదు.

1960 నాటి చిత్రము మూలమున బెక్కు విషయములను మార్చినను, ఈ నియమమును రక్షించినది. నవలలో బేరులేని యాత్రికునకు అందు జార్జి యని పేరు. నవలలో లేని 1917, 1940, 1966 సంవత్సరములందలి యుద్ధములు అందు జేర్పబడినవి. అయినను యంత్రము నిలిచిన చోటు మారలేదు. ఎదుటి యంగడిగవాక్షమునందలి స్త్రీప్రతిమకు దుస్తులు మారుచుండుట చూచి యాత్రికుడు ఏండ్ల గమనమును గ్రహించును. కడపట నాతడు మరల వెడలిపోయిన పిమ్మట, నేలపై యంత్రము నీడ్చిన గుర్తులను జూచి, ప్రతిమకు వెలుపల దిగుటకై యాతడట్లు చేసెనని మిత్రుడు గ్రహించును. యాత్రికుడు వెంట గొనిపోయిన మూడు పుస్తకము లేవియో చిత్రము చెప్పదు. అవి యేవై యుండునని యభిమానులు నేటికిని దర్కించుచుందురు. 2002 నాటి చిత్రము కథాస్థలమును లండనునుండి న్యూయార్కునకు మార్చినది. కాని అచటను, మార్చిన చోట యంత్రమును కదలనీయలేదు. కావున ఈ రెండు చిత్రములును స్థలమును మార్చినను మార్పకున్నను స్థలనియమమును మాత్రము మన్నించినవే.

‘ఆదిత్య 369’ ఆ నియమమును విడిచినది. అందు కథ హైదరాబాదున బ్రారంభమగును. సాలార్‌జంగు ప్రదర్శనశాలయందలి రాయలనాటి వజ్రమునకై దుష్టుడు యత్నించుట కథకు బీజము. ఆచార్య రామదాసు నిర్మించిన యంత్రమున నాయికానాయకులు ప్రవేశించి, 1526వ సంవత్సరమున విజయనగరరాజ్యమున దిగుదురు. హైదరాబాదునకును హంపీకిని నడుమ 300 కిలోమీటర్లకు పైగా దూరము కలదు. కాలాధికరణముతో బాటు దేశాధికరణమును గూడ యంత్రము మార్చినదన్నమాట.

ఈ మార్పునకు మన పురాణసంప్రదాయమున దృఢమైన మూలమున్నది. భాగవత నవమస్కంధమున కకుద్మియను రాజు తన కుమార్తెయగు రేవతికి వరుని విచారించుటకై బ్రహ్మలోకమునకు బోయెను. అచట గాన మగుచుండగా క్షణకాలము నిలిచెను. అంతలో భూమిపై ఇరువదియేడు చతుర్యుగములు గడచినవి. ఆతడు తలచిన వరులును, వారి పుత్రపౌత్రులును గతించిరి. తిరిగి వచ్చి రేవతిని బలరామున కిచ్చెను. ఇచట కాలభేదమునకు లోకభేదమే హేతువు. దేశమును మార్చినగాని కాలము మారదు. పింగళి సూరన కళాపూర్ణోదయమున జరుగబోవు కథను బ్రహ్మ సరస్వతికి ముందుగనే చెప్పుటయు బ్రహ్మలోకమందే. వెల్సు యంత్రము యూరోపియ విజ్ఞానము పుట్టించినది గనుక నది తన గది విడువదు. సింగీతమువారి యంత్రము తెలుగుప్రేక్షకుని పురాణసంస్కారమునకు లొంగి, రథమువలె మరియొక లోకమునకు గొనిపోయినది. ఇట్లు చూడగా అనుకరణపక్షమునకు బలము తగ్గుచున్నది. అంతేకాక, వెల్సు గతకాలమును వర్ణింపనేలేదు. యాత్రికుడు రెండవమారు వెడలి మరల రానందున, గతమునకు బోయెనేమో యని కథకుడు ఊహించుటతో నవల ముగియును. ఆ శూన్యస్థలమును బూరించిన ఘనత తెలుగు చిత్రమునకు జెల్లును.

అయితే ఆ పూరణమున గనిపించు 1526 ఎవరి 1526? విజయనగరమును ప్రత్యక్షముగా జూచిన పోర్చుగీసువారిలో డొమింగో పాయిసు 1520 ప్రాంతమునను, ఫెర్నావో నూనిజు 1535 ప్రాంతమునను అచట నుండిరి. వారి వ్రాతలను రాబర్టు స్యూయల్ 1900లో ఆంగ్లమున బ్రకటించెను. చిత్రమున గనిపించు సభ ఆ సాక్షులు చూచినది గాక, అంతకు ముందటి చలనచిత్రములు చూపినది. 1956 నాటి ‘తెనాలి రామకృష్ణ’లోను, 1962 నాటి ‘మహామంత్రి తిమ్మరుసు’లోను కృష్ణదేవరాయల పాత్రను ధరించినవారు నందమూరి తారకరామారావుగారు. 1991లో ఆ పాత్రను ఆయన కుమారుడే నాయకపాత్రతో బాటు ధరించినాడు. యంత్ర మేగినది నాలుగువందల యరువదియైదేండ్ల వెనుకకని చెప్పబడినను, వాస్తవమున ప్రేక్షకుడేగినది ముప్పదియైదేండ్ల వెనుకకు మాత్రమే. తెనాలి రామకృష్ణుడు రాయలసభలో నుండుటయు నిట్టిదే. పాండురంగమాహాత్మ్యము విరూరి వేదాద్రికి అంకితము. సాహిత్యచరిత్రకారులలో బలువురు ఆ కవిని రాయల యనంతరకాలమునకు జేర్చిరి. లోకప్రసిద్ధిని చిత్రము స్వీకరించుట సహజమే గాని, అది చరిత్రమని పాఠశాలబాలురు భావించుట యనర్థము.

ఈ సందర్భమున వైయాకరణులు చేసిన సూక్ష్మవిభాగ మొకటి స్మరింపదగును. ప్రయోక్తకు బ్రత్యక్షము గాని యనద్యతనభూతమునకు పాణిని లిట్టును విధించెను. కాని లోకమునకు దెలిసినదియు, ప్రయోక్త తలచినచో జూడగలిగినదియునగు కార్యమునకు, అది యాతనికి బరోక్షమైనను, లఙ్ఙే తగునని కాత్యాయనవార్తికము. దానికి బతంజలి యుదాహరించినది యవనుడు సాకేతమును ముట్టడించుట; ఆ యుదాహరణమే మహాభాష్యకాలనిర్ణయమునకు ముఖ్యాధారమైనది. చూచినది, చూడగలిగియు జూడనిది, చూడ వీలుగానిది యని భూతకాలమున మూడు తెరగులు. కాలయంత్రకథలు మూడవదానిని మొదటిదానిగా జేయుదుమని ప్రతిజ్ఞ చేయును. తెరపై జూచినదంతయు బ్రత్యక్షమువలె దోచుటచే, లిట్టుతో జెప్పదగినదానిని లఙ్ఙుతో జెప్పు సాహసము ప్రేక్షకునకు గలుగును. వ్యాకరణమున నిది యపశబ్దము. చరిత్రమున నిది యపోహ.

ఇపుడు కనకమామిడిని స్మరింపవలెను. వెల్సు నియమమును దప్పక, యంత్రమును ఆ గ్రామపు బొలమున నిలిపి 1526కు ద్రిప్పినచో గోచరించునది విజయనగరము గాదు. గోలకొండదుర్గము అచటికి దూర్పుగా సుమారు 25 కిలోమీటర్ల దూరమున నున్నది. బహమనీరాజ్యము క్షీణింపగా 1518 ప్రాంతమున గోలకొండయందు స్వతంత్రించిన సుల్తాను కులీ యేలుబడి యా సీమపై నుండెను. 1543 వరకు నాతడే ప్రభువు. గ్రామము ప్రక్కగా బోవు నేటి రహదారి చేరు బిజాపురము ఆనాడు ఆదిల్‌షాహీలది. 1520లో రాయచూరు యుద్ధమున రాయలకు నోడినది వారే. 1565లో విజయనగరముపై దండెత్తిన కూటమిలో గోలకొండయు బిజాపురమును భాగస్వాములు. అనగా కనకమామిడి నేలనుండి చూచినచో రాయల వైభవము ఎల్లకు ఆవల నున్న యన్యరాజ్యపు వైభవము. అచటి బాలుడు తెరపై రాయలసభను జూచి ‘ఇది మా పూర్వము’ అనుకొనుట భాషచే సత్యము, భూమిచే సత్యము గాదు.

అట్లని యా నేలయందు దెలుగు లేకపోలేదు. సుల్తాను కులీ కుమారుడగు ఇబ్రహీము కుతుబ్‌షా, అన్నకు వెరచి 1543 మొదలు ఏడేండ్లు విజయనగరమున రామరాయల యాశ్రయమున నుండెను. అచట దెలుగు నేర్చి, 1550లో గోలకొండ సింహాసనమెక్కి, మల్కిభరాముడని కవులచే బ్రస్తుతి బడసెను. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆతని కంకితము చేసెను. ఆతని యధికారియగు అమీనుఖానుడు పటాన్‌చెరువున నుండెను. కనకమామిడికి అది యుత్తరముగా నొకదినపు బండిప్రయాణము. ఆ యమీనుఖానునకే పొన్నెగంటి తెలగనార్యుడు యయాతిచరిత్రము నంకిత మిచ్చెను. అచ్చతెలుగున వెలసిన తొలి కావ్యమని ప్రసిద్ధి గాంచినది అది. భారతకథను గైకొని, సంస్కృతశబ్దములను విడిచి, నూతనముగా నిర్మించిన యా కావ్యము మూలానుసరణమునకు మేలైన దృష్టాంతము. కాబట్టి యంత్రమును స్థలమునుండి కదల్పక, 1526కు బదులు మరి యేబదియేండ్లు ఈవలగా నిలిపియున్నచో, హైదరాబాదు పరిసరములందే తెలుగు కావ్యగోష్ఠి గోచరించి యుండును. తెలుగు వైభవమును జూడవలెనన్న దుంగభద్రకు బోవలసినదే యను భావము చిత్రకర్తకు మాత్రమే కాదు, ఆనాటి పాఠ్యపుస్తకములకును, పండితులకును సామాన్యము. చిత్రము దానిని యంత్రముచేత నడిపించినది.

ఆ యంత్రమే అచట నింకను ముందునకు జరిగినచో 1687లో గోలకొండ ఔరంగజేబు వశమగుట, 1908 సెప్టెంబరున మూసీవరదలు, వాని ఫలముగా 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము నిర్మింపబడుట, ఆ జలాశయముల పరీవాహకసీమను రక్షించుటకు 1996లో ప్రభుత్వపు టుత్తరువు వెడలుట, 2014 జూన్ 2న తెలంగాణరాష్ట్ర మేర్పడుట వరుసగా గనిపించును. ఆ రహదారి కిరువైపుల నిజామునాటి మర్రిచెట్లు 900కు పైగా నున్నట్లు లెక్కింపబడినవి. రహదారి విస్తరణమువలన వానికి గలుగు హానిని గూర్చి జాతీయ హరితన్యాయస్థానమున వ్యాజ్యము నడచినది. పాల్ చిత్రమున నంగడిప్రతిమ చేసిన పనిని ఇచట నా మర్రులు చేయును. తాము కదలక, తమ ముందు గడచిన కాలమునకు గుర్తులై యవి నిలిచినవి.

భవిష్యద్భాగమునను నిట్టి భేదమే కలదు. వెల్సు నవలయందు భూమిపైన సుకుమారులగు ఎలోయిలును, భూమిక్రింద మోర్లాకులును నుందురు. ధనికులును శ్రామికులును బహుసహస్రవర్షములు వేరుపడియుండుటచే రెండు జాతులైరని యాత్రికుని యూహ. అది 1895 నాటి ఇంగ్లండునకు దగిన భయము. 1960 చిత్రమున ఆ భేదమునకు యుద్ధమే కారణమైనది. ‘ఆదిత్య 369’లో 2504వ సంవత్సరమున జనులు భూగర్భమున నివసింతురు, అణుయుద్ధముచే బైనేల విషమయమగుటయే దానికి హేతువు. వెల్సు భూగర్భమున బెట్టినది పీడితవర్గమును; తెలుగు చిత్రము పెట్టినది సమస్తమానవకోటిని. వర్గభేదమును గూర్చిన హెచ్చరిక యుద్ధమును గూర్చిన హెచ్చరికగా మారినది. ఆనందవర్ధనుని సూత్రము ననుసరించి యిదియు దోషము గాదు. కాని మూలమున నత్యంత తీక్ష్ణమైన ప్రశ్న, ఎవరి శ్రమపై ఎవరు సుఖించుచున్నారను ప్రశ్న, జారిపోయినదని గుర్తింపక తప్పదు.

ఫలితార్థ మిది. ‘ఆదిత్య 369’ అనుకరణము గాదు. నవల విడిచిన గతమును బూరించి, పురాణమార్గమున దేశకాలముల రెంటిని గదల్చిన స్వతంత్రకృతి యది. అద్భుతరసమునకు ఆ మార్పు మేలుచేసినది. కాని స్థలనియమమును విడుచుటచే, ప్రేక్షకుడు నిలిచిన నేలకు పూర్వమున్నదను జ్ఞానము మరుగుపడినది. అభిమానులు యంత్రాకారమును గూర్చి తర్కింపవచ్చును; ఉపాధ్యాయులకు మాత్రము వేరొక కర్తవ్యము కలదు. చిత్రమును జూచివచ్చిన బాలుని, యంత్రము నీ బడిముంగిట నిలిచి కదలకున్నచో 1526లో నీ వెవరి రాజ్యమున నుందువని యడుగవలెను. ఆ ప్రశ్నకు హంపీలో నొక యుత్తరము, రాజమహేంద్రవరమున నొక యుత్తరము, కనకమామిడిలో నొక యుత్తరము వచ్చును. ఆ యుత్తరము లన్నియు గూడినదే యాంధ్రదేశచరిత్రము.